గుండ్రాకుల కొమ్మ

“నరికిందెవరు?” మునిరత్నమ్మ మళ్ళీ అడిగింది.

జవాబు ఆమె కళ్ళెదుటే ఉంది. మొగుడు చిన్నప్ప బావి గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద గొడ్డలి పెట్టుకుని, పంచె కొసతో దాని అంచు తుడుస్తున్నాడు. అయినా ఆ మాట ఆయన నోటితోనే వినాలని ఆమె పట్టుదల.

పెరట్లో నీలగిరి చెట్టు అడ్డంగా పడి ఉంది. దాని కొస గోడ దాటి వీధిలోకి వాలింది. నిన్నటిదాకా పుంగనూరులో ఎవరడిగినా “అదిగో, ఆ పొడుగు చెట్టుండే ఇల్లు” అని చూపించేవాళ్ళు. ఇప్పుడు చెట్టున్న చోట ఒట్టి ఆకాశం కనిపిస్తోంది.

“నేనే,” అన్నాడు చిన్నప్ప.

“యాల?”

ఆయన గొడ్డలి తిప్పి రెండో వైపు తుడవడం మొదలుపెట్టాడు.

“బిడ్డ పేరు ఇంట్లో పలకొద్దంటివి, పలకలేదు. ఫోటో తీసేయమంటివి, తీసేస్తి. ఏడేండ్లు నోరు కుట్టుకోనుండా. ఈ చెట్టొకటి మిగిలుండె. పొద్దున లేచి దీన్ని సూస్తే బిడ్డను సూసినట్టుండె నాకు. ఇది గూడా నీ కంట్లో పడిందా?”

కొడుకు ఉమాపతి నోట్లో బ్రష్షుతోనే బయటికి వచ్చాడు. “నాయినా, ఏమన్నా సెప్పు. అమ్మ అడగతాండాది గదా.”

“సెప్పేదేముండాది? నరికినా.”

కోడలు సుధారాణి వంటింటి గుమ్మం దాటి రాకుండా అక్కడే ఆగిపోయింది. ఆయన ఎందుకు నరికాడో ఈ ఇంట్లో తెలిసింది తనొక్కదానికే. నిజంగా తెలుసా, తెలుసని అనుకుంటోందా, అది మాత్రం ఆమెకే తేలలేదు.

మునిరత్నమ్మ కోపం వస్తే గిన్నెలు విసిరే మనిషి కాదు. లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. వక్కాకు తిత్తి బొడ్లో దోపుకుంది.

“గంగవరం పోతాండా, బయ్యమ్మ ఇంటికి. నా వెనకాల ఎవురూ రావద్దు.”

“కొంచెం మజ్జిగన్నా తాగి పో అత్తా,” అంది సుధారాణి.

“ఆయనకు పొయ్యి. సల్లబడతాడు.”

చెల్లెలింటికి నెలకోసారైనా పోయొచ్చే మనిషే. కానీ ఎప్పుడూ గుమ్మం దగ్గర ఆగి, పొయ్యి మీద ఏముందో, ఆవుకు గడ్డి ఎవరు వెయ్యాలో చెప్పి వెళ్ళేది. ఈసారి ఆగలేదు. చిన్నప్ప తల ఎత్తి చూడలేదు. ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆయన చేయి గొడ్డలి మీద కదలకుండా ఉండడం సుధారాణి ఒక్కతే గమనించింది.

* * *

ఆ చెట్టు దీపది.

దీప ఎనిమిదో క్లాసులో ఉండగా బడివాళ్ళు హార్సిలీ కొండకు తీసుకుపోయారు. మిగతా పిల్లలు బొమ్మలు, బొరుగులు తెచ్చుకుంటే ఈ పిల్ల ప్లాస్టిక్ కవర్లో జానెడు నీలగిరి మొక్క తెచ్చింది. దాని ఆకులు పెద్ద చెట్టు ఆకుల్లా పొడుగ్గా, కొడవలి మాదిరి లేవు. గుండ్రంగా, వెండి పూత పూసినట్టు, కాడకు అటొకటి ఇటొకటి అతుక్కుని ఉండేవి. చిన్నప్ప పెళ్ళి మంటపాలకు పూలు కట్టే మనిషి. పొద్దున్నే సైకిలుకు మల్లెల బుట్ట కట్టుకుని బయలుదేరుతుంటే, దీప ఆ మొక్కలోంచి ఒక రెమ్మ తుంచి బుట్టలో గుచ్చేది.

“పూలొక్కటే ఉంటే వాటికేం తోసదు నాయినా. తోడుకు పెట్నా.”

చిన్నప్ప నవ్వి, ఆ రెమ్మను అలాగే మదనపల్లె దాకా మోసుకుపోయేవాడు.

మొక్క చెట్టయింది. గుండ్రాకులు పోయి అందరి నీలగిరి చెట్లకూ ఉండే పొడుగాకులు వచ్చాయి. దీప కూడా పెద్దదైంది. తొంభై ఆరులో కుప్పంలో పెళ్ళి.

పూలు కట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మంటపానికి కట్టిన పూలను కట్టిన చేత్తోనే విప్పాలి, అదీ అక్షింతలు పడ్డాకనే. మధ్యలో ఇంకొకరు చెయ్యి పెడితే ఆ మనిషిని చెంపమీద కొట్టినట్టే లెక్క. కూతురి పెళ్ళి కదా అని చిన్నప్ప ఎవరినీ సాయం పిలవకుండా మంటపమంతా తనే కట్టాడు. కనకాంబరాల తెరలు, మల్లెల గొడుగు, వెతికినా వేలెడు కర్ర కనపడని పని. ముహూర్తం రోజు పొద్దున పెళ్ళికొడుకు పెదనాయన బెంగుళూరు నుంచి ఒక డెకరేషను మనిషిని దింపాడు. ఆ మనిషి చిన్నప్ప తెరలు కోసి, భోజనాల హాలు వెనక కుప్పేసి, వాటి చోట ఆకుల కాడలు నిలబెట్టాడు. పొడుగు కాడలు, వెడల్పు కాడలు, మధ్యలో అక్కడక్కడా ఊరూ పేరూ తెలియని పువ్వు. మేడ మీది కిటికీలోంచి దీప అంతా చూసింది. కింద నిలబడిన నాయనను కూడా చూసింది. చూసి తల దించుకుంది.

చిన్నప్ప భోజనం ఆకు ముందు కూర్చోకుండా పుంగనూరు వచ్చేశాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో కూతురి మాటా లేదు, పూలలో ఆకు మాటా లేదు.

సరిగ్గా అలాంటి ఇంటికే ఆకుల పిచ్చి సుధారాణి కోడలుగా రావాలా! శాంతిపురం పిల్ల. పెళ్ళికి ముందు గులాబీల షెడ్డులో పని చేసింది. అక్కడ అందరూ గులాబీల మీద పడితే ఈమె మాత్రం మూలన బకెట్లలో పెట్టిన ఆకుల కాడల ముందు నిలబడి కల కనేది.

చెట్టు పడడానికి కొన్నాళ్ళ ముందు, ఆ చెట్టు కిందే, ఆమె మామతో ఊరికే ఒక మాట అంది.

“గుండ్రాకు కావల్లంటే చెట్టును మొదలుకంటా కొట్టాల మామా. మోడులోంచి వచ్చే చిగురు మళ్ళా సిన్నప్పటి ఆకు మాదిరే వస్తాది. కొన్ని తోటల్లో ఏడాదేడాది కొట్టేస్తారు. చెట్టును పెద్దది కానియ్యరు.”

చిన్నప్ప చాలాసేపు పైకి చూశాడు. “సిన్నప్పటి ఆకేనా?”

“అదే ఆకు.”

అంతే. ఇంకేమీ అడగలేదు.

* * *

చెట్టు పడిన ఆ మధ్యాహ్నమే మదనపల్లెలో ఒక నిశ్చితార్థానికి స్టేజీ కట్టాలి. ఇంట్లో ఏం జరిగినా పెళ్ళివాళ్ళు ఆగరు కదా. ఉమాపతి, సుధారాణి వ్యానెక్కారు.

సుధారాణి ముందు ఆకుల కాడలే నిలబెట్టింది. వెనక పొడుగ్గా సవక కొమ్మలు, వాటి ముందు ముదురు ఎరుపు క్రోటన్లు, అంచులకు జారిపోయే సన్న ఫెర్న్ కాడలు. ఒక్కొక్కటీ పెట్టి, వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసి చూసేది. అట్లా చూసినప్పుడు ఆమెకు అది స్టేజీలా కనిపించదు. ఎప్పుడో జ్వరంలో చూసిన అడవిలా, తను పోకుండానే పోయి వచ్చిన చోటులా ఉంటుంది. ఆ అడవిలో ఎక్కడ వెలుతురు పడాలో అక్కడ ఒక తెల్ల గులాబీ పెడుతుంది.

“ఇంగా నాలుగు బుట్టల పూలుండాయి,” అన్నాడు ఉమాపతి. “అన్నీ గుచ్చు. జనం పూలు సూడను వస్తారు గానీ గడ్డి సూడను రారు.”

“పువ్వు పక్కన రవ్వంత జాగా ఉండాలబ్బా. లేకుంటే దాని మొగం యాడ కనపడతాది?”

“మా నాయిన కట్టిన మంటపంలో సూది దూర్చను గూడా జాగా ఉండదు. తెలుసునా?”

“తెలుసు.”

ఆమె చేతిలో కాడను మళ్ళీ బకెట్లో పెట్టేసింది. ఉమాపతి చూశాడు.

“ఏమి?”

“చెట్టు... నేను సెప్పిన మాటకే మామ నరికినాడు.”

మోడుకు గుండ్రాకు వస్తుందని తను అన్నమాట చెప్పింది. ఉమాపతి నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. కింద ఎవరో మైకు సరిచూస్తున్నారు.

“నీ ఆకుల పిచ్చికి మా అమ్మ ఇల్లిడిసి పాయె.”

“నేను కొట్టమనలేదు.”

“పొద్దున అమ్మ అంతగా అడగతా ఉంటే నీ నోరేమైంది?”

ఆ ప్రశ్న నిజంగా గుచ్చుకుంది. భయపడింది, అంతకన్నా కారణం లేదు. పైగా చిన్నప్ప తనే చెప్పుకోని మాటను కోడలు ఎట్లా చెబుతుంది? ఆ స్టేజీని ఇద్దరూ చెరో వైపు నిలబడి పూర్తి చేశారు. పెళ్ళికూతురి తల్లి వచ్చి, ఆకుల మధ్య నిలబడి, “ఈడ కూసుంటే నిద్రొచ్చేట్టుండాదమ్మా” అంది. మెచ్చుకుందో తిట్టిందో ఎవరికీ అర్థం కాలేదు.

* * *

చెట్టు పోయినా దాని వాసన పోలేదు. ముసురు పట్టిన ఆ రోజుల్లో ఇల్లంతా నీలగిరి వాసనే. ఆరీ ఆరని బట్టల్లో అదే, కాఫీలో అదే. ఆ వాసనలో సుధారాణికి పగలు కూడా మగతగా ఉండేది. పని చేస్తూ చేస్తూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయేది. ఏమిటో తెలిసేది కాదు.

మునిరత్నమ్మ వినాయక చవితికి కూడా రాలేదు. ఉమాపతి ఒకసారి గంగవరం వెళ్ళాడు. బయ్యమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, “మీ అమ్మ గుడికి పోయిండాది నాయినా, ఇప్పుడే రాదు” అని కాఫీ ఇచ్చి పంపించింది. రోషం కొద్దీ అతను మళ్ళీ వెళ్ళలేదు.

చిన్నప్ప మోడు దగ్గరే ఉండేవాడు. పొద్దున చెంబుతో నీళ్ళు పోసేవాడు, వాన పడుతున్నా పోసేవాడు. బెరడు మీద వేలు పెట్టి తడిమేవాడు. పశువులు మూతి పెట్టకుండా చుట్టూ ముళ్ళకంప వేశాడు.

ఒక రోజు ఆయన పిలిచాడు. “సుధమ్మా, ఈడ రా. సూడు.”

బెరడు పగిలి ఎర్రటి మొటిమల్లాంటివి వచ్చాయి. తర్వాత వాటిలోంచి రెమ్మలు లేచాయి. గుండ్రాకులు. వాటి మీద పొడి పూసినట్టు వెండి రంగు. పొద్దుటి మంచులో చూస్తే మోడు చుట్టూ చిన్న చిన్న పైసలు గాలిలో నిలబడినట్టుంది. చిన్నప్ప ఒక ఆకును వేలితో రుద్దాడు. వెండి పొడి వేలికంటింది. ఆ వేలిని ఆయన తుడుచుకోలేదు.

“ఇదే,” అన్నాడు. “నా బుట్టలో గుచ్చేది ఇదే.”

ఏడేళ్ళలో ఆయన నోటివెంట కూతురి ఊసు రావడం అదే మొదలు.

“మామా, అత్తకు ఈ మాట సెప్పుంటే...”

“ఏమని సెప్పేది? పేరు పలకొద్దని నేనే అంటి. ఇప్పుడు నేనే ఏ మొగం పెట్టుకోని పలికేది?” ఇంకో ఆకును వేలితో తడిమాడు. “అది తల దించుకునింది సూడు ఆ పొద్దు, నాకు కోపమొచ్చింది. పెండ్లికూతురు తల దించుకోకుండా ఏం సేస్తాది? ఆ మాట నాకు మనవరాలు పుట్టినాక తోసింది. అప్పటికి ఆలీసమై పాయె.”

జేబులోంచి చిన్న కత్తి తీసి అన్నిటికన్నా పొడుగు రెమ్మను కోశాడు.

“అయ్యో, ఇంగా లేతది మామా! ముదరకుండా కోస్తే వాడిపోతాది.”

“ముదిరేదాకా ఉండేదానికి నా వల్ల కాదు. మీ అమ్మను సూసొస్తానని ఉమాపతికి సెప్పి కుప్పం పో. రైల్వే స్టేషను వెనక పచ్చ గేటు ఇల్లు. ఇది దాని గడప కాడ పెట్టు. ఏమీ సెప్పొద్దు.”

“ఇల్లు నీకెట్లా తెలుసు మామా?”

“అది అడగొద్దు.”

* * *

తడి గుడ్డలో చుట్టి, నీళ్ళ సీసాలో కాడ ముంచి, ఒళ్ళో పెట్టుకుని పోయినా పలమనేరులో బస్సు మారేటప్పటికే రెమ్మ కొస వాలింది. కిటికీ బయట ఎర్ర మట్టి, రాళ్ళ గుట్టలు, టమోటా తోటలు జరిగిపోతున్నాయి. పుట్టింటి ఊరు శాంతిపురం కూడా వచ్చి వెళ్ళిపోయింది. దిగాల్సిన చోట దిగకుండా ముందుకు పోవడం సుధారాణికి కలలో నడిచినట్టుంది. తను కూడా ఆ కొమ్మలాగే ఎవరి చేతిలోంచో ఎవరి చేతిలోకో పోతున్నట్టనిపించింది.

పచ్చ గేటు తేలికగానే దొరికింది. రెమ్మను గడప దగ్గర పెట్టి తిరిగి పోవాలి. వంగింది. అంతలో తలుపు తెరుచుకుంది.

చేతిలో దువ్వెన, వేళ్ళకు కొబ్బరి నూనె. ఎదురుగా మునిరత్నమ్మ. వెనక నడవలో ఒక చిన్న పిల్ల, సగం జడతో.

“అత్తా?”

మునిరత్నమ్మ మొహంలో రంగులు మారాయి. “నువ్వేందే ఈడ? మీ మామ పంపించినాడా? నన్ను కనిపెట్టి రమ్మన్నాడా?”

“నువ్వు గంగవరంలో గదా అత్తా...”

“ఆ, గంగవరమే!” అంది మునిరత్నమ్మ కోపంగా, ఏం చెప్పాలో తోచక. తర్వాత గొంతు తగ్గించింది. “ఏడేండ్లుగా ఇదే నా గంగవరం. నెలకోసారి బయ్యమ్మ పేరు సెప్పి ఈడికే వస్తాండా. కన్నదాన్నే, ఏం సెయ్యమంటావు?”

లోపలినుంచి తడి చేతులతో ఒక మనిషి వచ్చింది. సుధారాణి ఆమెను ఎప్పుడూ చూడలేదు. అయినా చూసినట్టే ఉంది. చిన్నప్ప కళ్ళే. ఆ కళ్ళు సుధారాణి మొహం మీద ఆగలేదు, నేరుగా రెమ్మ మీదికి పోయాయి.

“గుండ్రాకు,” అంది దీప మెల్లగా. “మా చెట్టుకు ఈ ఆకు యాడిది? పెద్దదైనాక పొడుగాకులే గదా.”

మునిరత్నమ్మ మొహం తిప్పుకుంది. చెట్టు కొట్టేసిన సంగతి ఇన్నాళ్ళూ కూతురికి చెప్పనే లేదని సుధారాణికి అర్థమైంది. ఏమీ చెప్పొద్దన్నాడు మామ. మునుపు నోరు మూసుకుని ఒక మనిషిని ఇంట్లోంచి పంపేసింది. ఇంకోసారి ఆ పని ఆమెకు చాత కాలేదు.

“మామ చెట్టు కొట్టేసినాడు వదినా. కొడితే సిన్నప్పటి ఆకు మళ్ళా వస్తాదని నేనంటి. దానికోసరమే కొట్టినాడు. పొద్దూ మాపూ మోడు కాడే ఉండాడు. నా బుట్టలో గుచ్చేది ఇదే అన్నాడు.”

స్టేషనులో రైలు కూత పెట్టి వెళ్ళింది. దీప గోడకానుకుని అక్కడే కింద కూర్చుండిపోయింది. ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది.

“నోరుండాది గదా ఆ మనిషికి!” అంది మునిరత్నమ్మ. ఆమె దువ్వెనను అట్నుంచి ఇటు తిప్పుతోంది. “ఒక్క మాట. ఒక్క మాట సెప్పుంటే ఏం పాయె? ఆ చెట్టుకోసరం నేను ఆయన్ను ఎన్నెన్ని అనుకున్నానో!”

సుధారాణి రెమ్మ కింది ఆకులు దూసేసి, కాడ చివరను రాతితో కొద్దిగా నలిపి, ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి పెట్టింది. నీళ్ళు పీలిస్తే తేరుకోవచ్చు. లేతది, తేరుకోకపోవచ్చు కూడా. దీప చెంబును రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి తెచ్చింది.

వెళ్ళేటప్పుడు మునిరత్నమ్మ గేటు దాకా వచ్చింది.

“నన్ను ఈడ సూసినట్టు మీ మామకు సెప్పొద్దు. ఏడేండ్లు ఆయన్ను మోసం సేసినానని తెలిస్తే నా మొగం సూడడు.”

* * *

చీకటి పడకముందే సుధారాణి పుంగనూరు చేరింది. చిన్నప్ప మోడు పక్కన కూర్చునే ఉన్నాడు. కోసిన చోట అప్పుడే జిగురు గట్టిపడింది.

“పెట్టొచ్చినావా?”

“పెట్టినా మామా.”

ఆయన తల ఊపాడు. మోడు మీద చెయ్యి వేసి, “మీ అత్త బాగుండాదా?” అన్నాడు.

“అత్త... అత్త గంగవరంలో గదా ఉండేది మామా.”

“అవును,” అన్నాడు చిన్నప్ప. ఆయన చూపు గుండ్రాకుల మీదే ఉంది. “గంగవరంలోనే. నెలనెలా పోతాది గదా. ఒకసారి వెనకాలే పోతి నేను గూడా, గేటు దాకా. లోపలికి పోను కాళ్ళు రాలేదు.”

సుధారాణి ఆయన పక్కనే కూలబడింది.

“అత్తకు తెలీదా?”

“తెలిస్తే ఇంగ పోకుండా ఉంటాదని భయం నాకు. అది పోతా ఉంటేనే గదా, నేను పోయినట్టుండేది.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. చిన్నప్ప అది దూరమయ్యేదాకా ఆగి, పిల్లవాడిలా అడిగాడు.

“గంగవరంలో ఆ కొమ్మను నీళ్ళలో పెట్టినారా?”

“ఇత్తడి చెంబులో పెట్టినాం మామా. వదినే వెలుతురులోకి తెచ్చుకునింది.”

“తల ఎత్తిందా?”

ఆయన అడుగుతున్నది కొమ్మ గురించేనా అని సుధారాణి ఆయన మొహంలోకి చూసింది. తను గేటు దాటి వచ్చేటప్పటికి ఆ రెమ్మ ఇంకా వాలే ఉంది.